ఏ ఇంటి పళ్లు

చోడవరం
19 జనవరి 2025

రూప వదినకి,

సంధ్య నమస్కారాలు. పళ్లు చూపించుకోవడానికి దేవిశ్రీ మీ ఇంటికి వచ్చి వారం కావస్తోంది. అది లేకపోతే ఇంట్లో పని తగ్గుతుందనుకున్నాను. పని తగ్గలేదు కానీ సందడి తగ్గింది.

ఉత్తరమేమిటా అని నవ్వుకుంటారేమో. ఫోను చేస్తే మీకు వినపడేలా అరవాలి. అలా అరిస్తే మంచం మీదున్న అత్తయ్యకి ప్రతి ముక్కా చేరుతుంది. మెసేజ్ పెడదామంటే నా ఫోను ప్రేమ్ చేతిలోంచి పడి అద్దం పగిలింది. మీ తమ్ముడి ఫోను ఆయనతోపాటే చెరుకు ట్రాక్టరు మీద గోవాడ ఫ్యాక్టరీకి పోతుంది, ఆయన ఎప్పుడొస్తే అప్పుడే వస్తుంది. అందుకని ప్రేమ్ నోటుపుస్తకంలోంచి కాగితాలు చింపాను.

అత్తయ్య కాలి కట్టు విప్పడానికి ఇంకా చాలా రోజులు పడుతుందట. లేపాలి, కూర్చోబెట్టాలి, మళ్లీ పడుకోబెట్టాలి. పెరట్లో జారింది ఆవిడ, నడుం పోయింది నాది. కోపంతో రాయడం లేదు. ఉన్నమాట రాస్తున్నాను. దేవిశ్రీ వెంట నేను రాలేకపోయింది ఇందుకేనని మీకు తెలియాలి.

దాని సంగతులు కొన్ని. కుడిపక్క నమలదు. ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. అది మొండితనం కాదు, నొప్పి. మింగమని గదమాయించకండి. బ్రష్ చేస్తుంటే రక్తం వచ్చి భయపడుతుంది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం బడిలో నేర్చుకుంది, దాని మీద కూడా ఏమీ అనకండి.

డాక్టరమ్మ ఏం పెట్టి పెంచారని అడుగుతుంది. ఇక్కడ చూపించిన చోటల్లా అదే మొదటి ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాల సీసా ఏడాది దాటగానే మాన్పించాను. ప్రేమ్ సంగతి మీరు చూశారుగా, బెల్లం పాక దగ్గరే పెరిగినవాడిలా వేడి పాకం వేలికి చుట్టుకుని నాకుతాడు. వాడి పళ్ల మీద ఒక్క మచ్చ లేదు. అదే చెయ్యి, అదే అన్నం, అదే పేస్టు. దీనికేమో పళ్లు వస్తూనే గోధుమరంగు తిరిగాయి.

అత్తయ్య మాత్రం పూటకోసారి అంటూనే ఉంది: "మా ఇంట్లో ఒక్కలికీ ఇలాటి పళ్లు నేవు. సీడికాడ నుంచొచ్చిన పళ్లియి." చీడికాడ పుట్టింట్లో మా అమ్మకి నలభై దాటకుండానే పళ్లు ఊడిపోయిన మాట నిజమే. కాబట్టి జవాబు చెప్పలేను. చెప్పే ఓపిక కూడా లేదు.

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ మరదలు
సంధ్యారాణి


గాజువాక
28 జనవరి 2025

సంధ్యా,

నీ ఉత్తరం పోస్టుమాన్ పై అంతస్తు వాళ్లకిచ్చాడు. వాళ్లు రెండ్రోజులు టీవీ మీద పెట్టుకుని తర్వాత నాకిచ్చారు. ఈ కాలంలో ఉత్తరం వస్తే ఎవరికేం చెయ్యాలో తెలియడం లేదు.

దేవిశ్రీ బాగానే ఉంది. నా చెవి మిషను ఈల వేసినప్పుడల్లా పడిపడి నవ్వుతోంది. మిల్లులో మిషన్ల మధ్య చెవులు పోగొట్టుకున్నందుకు ఇన్నాళ్లకి ఒకరైనా సంతోషించారు. మీ అన్నయ్య సాయంత్రం డ్యూటీ దిగి రాగానే సైకిలు మీద వీధి చివరిదాకా తిప్పుతున్నారు.

డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. పొద్దున్న వెళ్తే మధ్యాహ్నానికి పిలిచారు. పిల్లల పళ్లు చూసే డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదైన మనిషి. లైటు వేసి నోరంతా చాలాసేపు చూసింది. అన్నకి ఎలా ఉన్నాయని అడిగింది. బాగున్నాయన్నాను. "అయితే ఇది ఇంటి నుంచి వచ్చిందే అయ్యుంటుంది" అంది. ఆ ముక్క బాగా వినిపించింది. మిగతాది ఫ్యాను రొదలో పోయింది.

కొన్ని పళ్లకి సిమెంటు పెడతారు. కుడివైపు కింద రెండింటికి వేరుదాకా పోయిందట, వాటికి వైద్యం చెయ్యాలి, లేదా తీసెయ్యాలి. రెండు మూడు సార్లు తిరగాలి. పిల్లని ఇక్కడే ఉంచు.

ఇంకొక సంగతి. ఒకే ఇంట్లో ఒక బిడ్డకి పుచ్చి, ఇంకో బిడ్డకి పుచ్చకుండా ఉన్న కుటుంబాల మీద వాళ్లక్కడ పరిశోధన చేస్తున్నారు. దేవిశ్రీ ఉమ్మి తీసుకున్నారు. నీదీ, ఉదయ్‌దీ, ప్రేమ్‌దీ కూడా కావాలట. అందులో డీఎన్‌ఏ చూస్తారట. బలవంతం లేదు, ఇష్టమైతేనే. ఒకసారి వచ్చి ఇచ్చి వెళ్లండి.

ఇక్కడ బిస్కెట్లు పూర్తిగా బంద్. రాత్రి పడుకోబోయే ముందు పాలు కూడా లేవు. పిల్ల మొహం తేటపడింది.

అమ్మని కాలు కదపొద్దన్నానని చెప్పు. నువ్వు కూడా కాస్త తిని పడుకో.

రూప


చోడవరం
4 ఫిబ్రవరి 2025

వదిన గారికి,

మీ ఉత్తరం మీ తమ్ముడు గుమ్మంలోనే విప్పి, అత్తయ్య మంచం పక్కన నిలబడి పైకి చదివారు. అక్క రాసిన ఉత్తరం కదా, అందరికీ అనుకున్నారు. నేను వంటింట్లో గంజి వారుస్తూ విన్నాను.

డీఎన్‌ఏ అన్న మాట రాగానే అత్తయ్య ఆపించారు. "ఒరే ఉదయా, అది టీవీలో సూపిస్తారు కదేటి? గుంట బాబెవలో తేల్సడానికి సేస్తారు. మన గుంటకి అదెందుకురా?" అన్నారు. మీ తమ్ముడు నవ్వి కొట్టిపారేస్తారనుకున్నాను. ఆయన ఉత్తరం మడిచి తువ్వాలు భుజాన వేసుకుని ట్రాక్టరు దగ్గరికి వెళ్లిపోయారు. ఆ రాత్రి అన్నం తిని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

మీరు ఆ ఉద్దేశంతో రాయలేదనే అనుకోవాలని చూస్తున్నాను. కానీ ముందు మాటలు కూడా ఉన్నాయి కదా. "ఇంటి నుంచి వచ్చిందే" అందట డాక్టరమ్మ. అంటే నా ఇల్లు, నా వంట, నా పెంపకం. మీరు బిస్కెట్లు ఆపారు, పాలు ఆపారు, పిల్ల తేటపడింది. అంటే ఇన్నాళ్లూ నేనే దాని నోరు పాడుచేశాను. రాయాల్సింది సూటిగా రాసేస్తే పోయేది.

పాకం దగ్గరికి పరిగెత్తకుండా దాన్ని చంకలో వేసుకుని పని చేసుకున్నదాన్ని నేను. రాత్రి పన్ను సలుపుతుంటే లవంగం నూనె రాసి, అది నిద్రపోయేదాకా కూర్చున్నదాన్ని నేను. పిల్లల్ని కన్నవాళ్లకే తెలుస్తుంది వదినా, ఆ ఏడుపు ఎలా ఉంటుందో.

దేవిశ్రీని పంపించెయ్యండి. ఇక్కడి డాక్టరుకే చూపించుకుంటాం. ఉమ్మి ఎవరిదీ ఇవ్వం.

సంధ్యారాణి


గాజువాక
10 ఫిబ్రవరి 2025

సంధ్యా,

ఆదివారం ఉదయ్‌ని రమ్మను. బట్టలు సర్ది ఉంచుతాను.

వైద్యం మధ్యలో ఉంది. కుడివైపు పళ్లు ఇంకా ముట్టుకోలేదు. డాక్టరమ్మ ఇంకొన్నాళ్లు ఉంచమంది. తల్లి రమ్మంటోందని చెప్పాను. మందు సీసా సంచిలో పెడుతున్నాను, పూర్తయ్యేదాకా వెయ్యి. మధ్యలో ఆపకు.

నేను ఏ అనుమానంతోనూ రాయలేదు. ఇంతకంటే ఏం రాసినా సంజాయిషీలా ఉంటుంది.

కన్నవాళ్లకే తెలుస్తుందన్నావు. అవును, నాకు తెలియదు. చాలామంది చాలా రకాలుగా చెప్పారు ఆ మాట. నువ్వు కూడా చెబుతావనుకోలేదు.

రూపాదేవి


గాజువాక
5 మార్చి 2025

సంధ్యా,

ఆస్పత్రిలో మూడు రోజులు ఒకే బల్ల మీద కూర్చున్నాం. నువ్వు నాతో మాట్లాడలేదు, నేను నీతో మాట్లాడలేదు. కోపం వల్లే అనుకుని ఉంటావు. మొదటి రోజు కోపమే. తర్వాత కాదు. నాకు చెవులు లేవు కాబట్టి నేను మాట్లాడితే వార్డంతా వింటుంది. నీకు చెప్పాలనుకున్నది వార్డు వినాల్సింది కాదు. అందుకే మళ్లీ కాగితం.

ఉదయ్ పిల్లని భుజాన వేసుకుని మా గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు నేను గుర్తుపట్టలేదు. బుగ్గ, దవడ కింద అంతా వాచిపోయి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. వెనకాల నువ్వు, చెప్పులు కూడా లేకుండా. అత్తని పక్కింటి పైడితల్లికి అప్పగించి వచ్చేశానన్నావు. ఆ ఒక్క మాటే నువ్వు నాతో అన్నది.

పంటి కింద చీము పట్టి కిందికి దిగిందనీ, ఇంకా దిగితే ఊపిరికి ఇబ్బంది అనీ డాక్టర్లు ఉదయ్‌తో చెబుతుంటే వాడి మొహం చూసి అర్థం చేసుకున్నాను. మత్తిచ్చి, చీము తీసి, పాడైన పళ్లు తీసేస్తామన్నారు. థియేటర్ తలుపు మూసుకున్నాక నువ్వు గోడకి తల ఆనించి నిలబడ్డావు. నీ పెదవులు కదులుతున్నాయి. "నేనే రమ్మన్నాను, నేనే రమ్మన్నాను" అంటున్నావు. చెవులు పోయాక పెదవులు చదవడం వచ్చేసింది నాకు. అప్పుడే నా కోపం పోయింది.

పిల్లని పంపించింది నేను. మొండికేసి ఉంచేసుకోవాల్సింది. ఒక్క వాక్యానికి పౌరుషం వచ్చి పంపేశాను. కాబట్టి ఆ లెక్క నీ ఒక్కదానికే రాసుకోకు.

రెండో రోజు మన డాక్టరమ్మ వార్డుకి వచ్చింది. అప్పుడు నువ్వు పిల్లకి పాలు తేవడానికి వెళ్లావు. నాకు వినపడదమ్మా, రాసి చూపించమన్నాను. మందుల చీటీ వెనక రాసింది. నాకు అర్థమైనంత చెబుతాను. పంటి పైపొర గట్టిగా ఉండడమో పలచగా ఉండడమో, నోట్లో ఉమ్మి తీరు, తీపి మీద యావ, ఇవన్నీ కొంతవరకు పుట్టుకతోనే వస్తాయట. దానికి ఒక్క జన్యువు కాదు కారణం, చాలా ఉంటాయి, కొన్ని తల్లి నుంచి, కొన్ని తండ్రి నుంచి. అందుకే ఒకే కంచంలో తిన్న ఇద్దరిలో ఒకరికి పుచ్చుతాయి, ఒకరికి పుచ్చవు. ఇంటి నుంచి వచ్చిందంటే వంశం నుంచి వచ్చిందని సంధ్యా! నీ వంటింటి నుంచి అని కాదు. సగం విని, ఆ సగాన్నే నీకు రాసి పంపాను.

అలాగని తిండికి సంబంధం లేదని కాదు, తోమడానికి సంబంధం లేదని కాదు. పలచటి పొర ఉన్న పిల్లకి అవి మరీ ముఖ్యమట. ఇది కూడా ఆవిడే రాసింది, కింద గీత కొట్టి మరీ.

ఇక వార్డు వినకూడని మాట. నా ముందు పళ్లు నావి కావు. పైవీ, కిందవీ కూడా. పెళ్లికి ముందు అనకాపల్లిలో కట్టించారు. చిన్నప్పుడు నా నోరు దేవిశ్రీ నోరు కంటే అధ్వాన్నం. మా నానమ్మ అమ్మని తిట్టని రోజు లేదు. "నోట్లో పురుగులున్న పిల్లని కన్నావు" అనేది. పురుగులు తీస్తామని వచ్చినవాళ్లతో నా నోట్లోకి వాకుడు గింజల పొగ పెట్టించింది. అమ్మ నన్ను ఒళ్లో పట్టుకుని కూర్చునేది. నేను దగ్గుతుంటే తను ఏడ్చేది. అప్పటికి ఉదయ్ పుట్టలేదు. నా సంబంధం కుదిరాక ఈ సంగతి ఎక్కడా అనొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. మీ అన్నయ్యకి తెలుసు, అంతే.

మా ఇంట్లో ఒక్కరికీ లేవని అమ్మ అంటోందని నువ్వు రాసినప్పుడే నీకు చెప్పాల్సింది. ఒట్టు అడ్డం వచ్చింది. ముప్పై ఏళ్ల ఒట్టు అంత తొందరగా నోరు వదలదు.

పిల్లకి మెత్తటివే పెట్టు. "అత్తా, తీసేసిన పళ్లు వాళ్లేటి సేసుకుంటారు?" అని అడిగింది బయల్దేరేటప్పుడు. తెలీదమ్మా అన్నాను.

నీ
రూప


చోడవరం
16 మార్చి 2025

వదినా,

మీ ఉత్తరం ఈసారి నేనే అందుకున్నాను. పెరట్లో బట్టలు ఆరేసే చోట కూర్చుని చదివాను. చదివాక బట్టలు ఆరెయ్యడం మరిచిపోయాను.

ముందు దేవిశ్రీ. వాపు పూర్తిగా తగ్గింది. రాగి జావ, పప్పన్నం తింటోంది. రాత్రిళ్లు లేవడం లేదు. వదినా, అది పుట్టాక ఇంత పొడుగు నిద్ర పోవడం నేను చూడలేదు. నాకే నిద్ర పట్టడం లేదు, ఇంకా లేస్తుందేమోనని చెవి అటే ఉంటోంది.

నేను రాసిన ఆ వాక్యం గురించి ఏం రాయాలో తెలియడం లేదు. మీకు తగలాలని రాయలేదు. నన్ను అందరూ అంటున్నారు కదా, నేను కూడా ఎవరినో ఒకరిని అనాలనిపించింది. మీరు దూరంగా ఉన్నారు, దొరికారు. అంతకంటే వేరే కారణం లేదు. వార్డులో నా చెయ్యి పట్టుకుని టీ గ్లాసు పెట్టినప్పుడు చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే టీ తాగేశాను.

ఒట్టు సంగతి ఎత్తకూడదని నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు అత్తయ్యకి తలంటుతున్నాను. దేవిశ్రీ తొర్రినోటితో నవ్వుకుంటూ వచ్చింది. ఆవిడ దాన్ని చూసి, "సీడికాడ..." అని మొదలుపెట్టారు. నా చేతులు ఆగిపోయాయి. "రూప వదిన పళ్లు ఏ ఊరివి అత్తయ్యా?" అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

తల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆఖరికి అన్నారు: "సెప్పేసిందా." మొహం మీది నీళ్లు తుడుచుకుని, "నన్నూ ఇలాగే అనేవోరే. మా అత్త పోయేదాకా అన్నాది. ఎవలో ఒకలు పడాల కదేటి. నీకు ముందు నాను పడ్డాను. నా తరవాత నువ్వొచ్చేవు" అన్నారు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆవిడ వీపు చూస్తే ఎముకలు తేలి ఉన్నాయి. మిగిలిన నీళ్లు పోసి, తుడిచి, మంచం మీదికి చేర్చాను.

మీ తమ్ముడికి మీ ఉత్తరంలో డాక్టరమ్మ రాసిన భాగం చదివి వినిపించాను. పళ్లు కట్టించుకున్న సంగతి చదవలేదు, అది మీరే చెప్పుకోండి. ఆయన విని, "మన కింద మడిలో చెరుక్కి ఎర్రకుళ్లు వచ్చింది, గట్టు పక్క మడిలో రాలేదు. నీరొకటే, ఎరువొకటే, రకం వేరు. ఇదీ అంతేనేటి?" అన్నారు. అంతే అన్నాను. "అలాగని తెగులొచ్చే రకాన్ని వొదిలేస్తావేటి, ఇంకాస్త జాగర్త పడతావు" అన్నారు. నేనింక ఆగలేక అడిగేశాను, ఆ రోజు ఎందుకు నోరెత్తకుండా వెళ్లిపోయారని. ఆయన తెల్లబోయి చూశారు. "ఫ్యాక్టరీ కాటా దగ్గర బండి లైన్లో వుంది సంధ్యా. నా నెంబరు వచ్చేస్తదని పరిగెట్టేను. అమ్మ మాట నానసలు పట్టించుకోనేదు" అన్నారు. మరి రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నారేమంటే, నడుం నొప్పట.

ఆ మౌనాన్ని మోసుకుని నేను ఎంత దూరం పోయానో చూడండి.

అత్తయ్య కట్టు విప్పాక మేం వస్తాం. ఉమ్మి ఇస్తాం.

మీ సంధ్య


గాజువాక
21 ఏప్రిల్ 2025

సంధ్యా,

మీరంతా బస్సెక్కి వెళ్లిపోయాక ఇల్లు సర్దుతుంటే దేవిశ్రీ జడ రిబ్బను మంచం కింద దొరికింది. ఈ ఉత్తరంలో పెడుతున్నాను.

డాక్టరమ్మ గదిలో జరిగింది నీకు పూర్తిగా తెలియదు. నువ్వు ప్రేమ్‌ని పట్టుకుని కారిడార్లో ఉన్నావు, వాడు బుగ్గలో దూది పుల్ల పెట్టించుకోనని పారిపోతున్నాడు. లోపల అమ్మ, నేను.

అసలు అమ్మ ఎందుకు బయల్దేరిందో నాకు అర్థం కాలేదు. కర్ర పట్టుకుని బస్సెక్కి వస్తుందని ఎవరనుకున్నారు! కాలు చూపించుకోవడానికేమో అనుకున్నాను. లోపలికి వెళ్లి డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, "నాదీ తీసుకోండమ్మా" అంది. డాక్టరమ్మ సంతోషించింది, నానమ్మలూ తాతలూ దొరకడం కష్టమట. అమ్మ నోరు చూసి, "మీ పళ్లు బాగున్నాయే ఈ వయసులో" అంది. అమ్మ, "నావి బాగుంటే ఏటి లాభం" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని నా మొహం ఆవిడ వైపు తిప్పింది. "ఇదిగో, ఇది నా పెద్దది. సిన్నప్పుడు దీనికి అన్నీ పుచ్చిపోయేయి. ఇవి కట్టుడువి. ఇప్పుడు నా కొడుకు కూతురికి వచ్చేయి. రాసుకోండి" అంది.

నేను పెదవులు చదివాను సంధ్యా. కానీ ఆ మాటలు వినిపించినట్టే అనిపించింది. గదిలో ఇంకో ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. బయట వరసలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు. పెళ్లికి ముందు ఒట్టు వేయించుకున్న మనిషే అంతమందిలో చెప్పేసింది. నాకు సిగ్గు వేస్తుందనుకున్నాను. తీరా చూస్తే ఎప్పటినుంచో బిగించి కట్టుకున్న చీర ముడి వదులైనట్టుంది.

నీకొక నిరాశ కూడా చెప్పాలి. ఫలితం ఎప్పుడొస్తుందని నువ్వు రెండుసార్లు అడిగావు. అది నీ పేరు మీద రాదట. వందలమందివి కలిపి చూస్తారు, ఏళ్లు పడుతుంది. ఆఖరికి కూడా ఈ పిల్లకి ఇంత అమ్మ వల్ల, ఇంత నాన్న వల్ల, ఇంత తిండి వల్ల అని విడదీసి చెప్పలేరట. నీ తప్పు లేదని రాసిన కాగితం కోసం చూస్తున్నావని నాకు తెలుసు. అలాంటి కాగితం లేదు. నాకూ ఒకప్పుడు కావలసి వచ్చింది, అమ్మకీ కావలసి వచ్చింది.

ఉదయ్‌కి నేనే చెప్పాను, నా పళ్ల సంగతి. వాడు నా నోరు తెరవమని, దగ్గరగా చూసి, "బాగా కట్టేరే" అన్నాడు. అంతే.

పిల్ల పళ్లు పుచ్చకుండా పూత వేయించడం మరిచిపోకు. కొత్త పళ్లు వచ్చేటప్పుడే కాపాడుకోవాలట.

రూప


చోడవరం
24 జూన్ 2025

వదినా,

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. బళ్లు తెరిచారు, నాట్లకి నారు పోశాం, అత్తయ్య కర్ర వదిలేసి మళ్లీ పెరట్లో తిరగడం మొదలుపెట్టారు. ఆవిడ వెనక నేను తిరుగుతున్నాను. పొద్దున్నే పిల్లలిద్దర్నీ గట్టు మీద కూర్చోబెట్టి తోమించడం ఇప్పుడు ఆవిడ పని. దేవిశ్రీకి ఒకటికి రెండుసార్లు. ప్రేమ్ వెనక పంటి మీద ఒక నల్లచుక్క కనిపించింది. ఆవిడా చూశారు, నేనూ చూశాను. ఏ ఊరి చుక్క అని ఎవరూ అనలేదు. ఆస్పత్రికి ఇద్దర్నీ తీసుకెళ్లమన్నారు, అంతే.

కాగితం రాదని మీరు రాశాక కొన్నాళ్లు బాగోలేదు. మనసులో ఎక్కడో దాని కోసమే బతుకుతున్నాను కాబోలు. చూపించడానికి కాదు, నాకోసమే. ఇప్పటికీ ఒక్కోసారి అర్ధాకలిగా అనిపిస్తుంది. ఆ బిస్కెట్ పెట్టకుండా ఉంటే, ఆ రాత్రి పాలు పట్టకుండా ఉంటే, ఆ ఉత్తరం రాయకుండా ఉంటే అని. పోదు వదినా అది. పని ఎక్కువగా ఉన్నరోజు తగ్గుతుంది.

నిన్న పూత కోసం ఇక్కడి ఆస్పత్రికి వెళ్లాం. వరండా నిండా జనం, పైన వాన. మా పక్కన దేవరాపల్లి నుంచి వచ్చినవాళ్లు నిలబడ్డారు. ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. చంకలో నాలుగేళ్ల గుంట, బుగ్గకి తువ్వాలు చుట్టి ఉంది. వెంట వచ్చిన పెద్దావిడ వరండా అంతా వినేలా చెబుతోంది: "బిస్కట్లమ్మా, ఎప్పుడు సూడు బిస్కట్లే. సెప్తే ఇనదు." ఆ అమ్మాయి నేల చూస్తోంది.

నిజం చెప్పనా వదినా? ఆ గుంట నోరు చూడగానే నాకు కూడా మొదట నోటిదాకా వచ్చింది, ఏం పెడుతున్నావమ్మా అనే మాటే. ఇన్ని పడ్డాక కూడా. నా నోరు నాకే భయం వేసింది.

మింగేశాను. సంచి తీసి ఒళ్లో పెట్టుకుని జరిగాను. "కూసో" అన్నాను. కూర్చుంది. దేవిశ్రీ ఆ గుంట ముందుకెళ్లి నోరు బార్లా తెరిచి చూపించి, "నాకు తీసేసేరు. నొప్పి పోయింది. మళ్లీ వస్తాయంట" అంది. ఆ పిల్ల తువ్వాలు కిందికి లాగి అదే పనిగా చూసింది. పెద్దావిడ టీకి వెళ్లింది.

కాసేపటికి నా భుజం మీద బరువు తగిలింది. ఆ అమ్మాయి నిద్రపోయింది వదినా. ముక్కూ మొహం తెలియని మనిషి మీద తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, చంటిదానిలా. ఎన్ని రాత్రుల నిద్రో అది! నాకు తెలుసు కదా.

ఇంతలో మా పేరు పిలిచారు. దేవిశ్రీ నా చెయ్యి లాగింది. నేను లేవలేదు. మా వెనకవాళ్లని ముందు పంపించమని నర్సుకి చేత్తో సైగ చేసి, భుజం కదపకుండా అలాగే కూర్చున్నాను.

సంధ్య